పాత బండి అమ్మితే పేరు కూడా మారాలి

సంపాదకులకు నమస్కారం.

నలభై ఏళ్లలో నేను నాలుగు మోటారు సైకిళ్లు నడిపాను. మొదటిది, పెట్రోలులో ఆయిలు కలిపి పోయవలసిన పాత రాజ్‌దూత్. తరువాతి హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ కొత్తవి. ఇప్పటిది మళ్లీ పాతదే. కొత్త బండి ధర మొదటి రెండు మూడేళ్లలోనే బాగా పడిపోతుంది కనుక, పొద్దున్నే చల్లని ఇంజనును స్టార్టు చేయించి పొగ చూసి, ఛాసిస్ నంబరును ఆర్సీతో సరిపోల్చి, బండి మీద అప్పు తీరిందో లేదో కనుక్కునే ఓపిక ఉన్నవారికి పాత బండే మేలని నా అభిప్రాయం.

అయితే అమ్మేటప్పుడు నేను పొరపాటు చేశాను. స్ప్లెండర్ కొన్న వ్యక్తిని నమ్మి, యాజమాన్య మార్పిడికి వాడే ఫారం 29, 30లపై సంతకాలు చేసి ఇచ్చేశాను. ఆయన బండిని తన పేరున మార్పించుకోలేదు. మూడేళ్ల తరువాత హెల్మెట్ లేని కుర్రవాడి ఫొటోతో నాకు చలానా వచ్చింది. నంబరు ప్లేటు పైన మా అమ్మాయి చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు ఆ ఫొటోలో ఇంకా కనిపిస్తూనే ఉంది.

చలానాతో పోయింది కాబట్టి సరిపోయింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఈ గడువుల గురించి రవాణా శాఖ పాత బండ్ల దుకాణాలన్నింటిలో తెలుగులో బోర్డులు పెట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు