చిన్నా చూపు గురించి చెల్లెలికి

సియాటిల్

చి. ల. సౌ. సుజాతకు అన్నయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నా ఉద్యోగం మామూలుగానే సాగుతోంది. రైల్వే వైద్య పరీక్షలో నీ చిన్నకొడుకు చిన్నా ఆ రంగు చుక్కల్లోని అంకెలు చదవలేకపోయాడని, అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయిందని నువ్వు ఏడ్చిన దగ్గర్నుంచి నాకు దేని మీదా మనసు నిలవడం లేదు.

మేనరికం చేసుకున్నందువల్లే ఇలా అయిందని ఊళ్లో అంటున్నారని రాశావు. ఆ మాట నిజం కాదు. వాడికున్నది వర్ణాంధత్వం, అంటే ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియకపోవడం. ఎరుపు, ఆకుపచ్చ తేడాను పట్టించే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ అనే జన్యువుల పోగు మీద ఉంటాయి. అది ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు ఒక్కటే, దానికి తోడు ఒక వై క్రోమోజోమ్ ఉంటాయి. కొడుక్కి తండ్రి నుంచి వచ్చేది వై క్రోమోజోమే కాబట్టి, బావ మేనత్త కొడుకైనా, పరాయి ఇంటివాడైనా దీనితో ఆయనకు సంబంధం లేదు.

ఇది మన నాన్న నుంచి, నీ ద్వారా వాడికి వచ్చింది. మిరప కోతల్లో నాన్న ఆకుల మధ్య చెయ్యి పెట్టి, కాయను వేళ్లతో నొక్కి చూసి, మెత్తబడినదాన్నే తెంపేవారు. అయినా అమ్మ సాయంత్రం బుట్టలోంచి పచ్చికాయలు ఏరుతూనే ఉండేది. అత్తయ్య ఆయనతో కలిసి పెరిగిన మనిషి, అడుగు, ఆవిడే చెబుతుంది. నాన్నకున్న ఒక్క ఎక్స్ క్రోమోజోమ్ కూతురివి కనుక నీకు తప్పక వచ్చింది, కొడుకుని కనుక నాకు రాలేదు. అమ్మ ఇచ్చిన రెండోది బాగుండబట్టి నీకు రంగులన్నీ తెలుస్తాయి. నీకు పుట్టే ప్రతి మగబిడ్డకూ సగానికి సగం అవకాశం. పెద్దవాడికి రాలేదు, చిన్నాకు వచ్చింది. ఇందులో నువ్వు చేసిన పొరపాటేముందమ్మా? అణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కూ, ఆయన అన్నకూ ఇదే ఉండేది. 1794లో ఆయన తన చూపు గురించి తానే వ్యాసం సమర్పించాడు. ఉత్తర ఐరోపా సంతతి మగవారిలో నూటికి దాదాపు 8 మందికి ఇది ఉంటుంది.

రంగు కళ్లద్దాలతో దీన్ని నయం చేస్తామంటున్నాడని నువ్వు రాసిన ఆయనకు దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. రంగు కళ్లద్దాలు కొందరికి కొన్ని రంగుల మధ్య తేడాను పెంచి చూపిస్తాయి గానీ, కంటిలో లేనిదాన్ని తెచ్చి పెట్టలేవు. ఆశ పూర్తిగా లేదని కాదు. ఈ ఊరి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లోని జే నైట్జ్, మౌరీన్ నైట్జ్ దంపతుల బృందం, పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కోతుల కంటి వెనుక ఉండే రెటీనా పొరలోకి వైరస్ ద్వారా లేని జన్యువును పంపితే, కొన్ని వారాలకు అవి ఆ రంగులను గుర్తుపట్టాయని 2009లో ప్రకటించింది. అయితే ఈ రకం వర్ణాంధత్వానికి మనుషుల్లో ఆమోదం పొందిన చికిత్స ఇప్పటికీ లేదు.

చిన్నాను ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఏ రకమో, ఎంత మేరకు ఉందో రాయించుకోండి. రైల్వేలోనే సీ-1, సీ-2 వైద్య ప్రమాణాల ఉద్యోగాలకు రంగుల చూపు అడగరు. వాడికి అవి చూపించు. అమ్మాయి పెళ్లి మాటల్లో ఇది అడ్డు రాకూడదు, ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పండి. డాక్టరు కాగితాలు ఫోటో తీసి నాకు పంపు. బావకు, అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
అన్నయ్య