పర్లాకిమిడి నుంచి పుణె దాకా తోడు నిలిచిన అందరికీ

నమస్కారం.

సావిత్రీబాయి ఫులే పుణె విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో చేరాను. గణేశ్‌ఖిండ్ ప్రాంగణంలో తరగతులు మొదలయ్యాయి, గుర్తింపు కార్డు కూడా చేతికి వచ్చింది. వచ్చిన రోజే రాయాలనుకున్నాను. కానీ గది కుదిరి, కాగితాలన్నీ అప్పగించి, ఇక ఏ పనీ మిగల్లేదని తేలాక రాస్తేనే సాయం చేసినవారికి నిశ్చింతగా ఉంటుందని ఆగాను. "అన్నీ సర్దుకున్నాయా అమ్మా?" అని ఇప్పటికీ ఫోను చేసి అడుగుతున్నవారున్నారు. సర్దుకున్నాయి. మీ అందరి వల్లే సర్దుకున్నాయి.

పేర్లు రాయవద్దని చాలామంది ముందే చెప్పారు. అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వైపు పిల్లలు డిగ్రీ అయ్యాక చదువుకని వెళ్తే బరంపురమో భువనేశ్వరో వెళ్తారు. లేదంటే మహేంద్రతనయ నది దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం. ఆ దారులు అందరికీ తెలిసినవే. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒక మేనత్త ఇల్లు ఉంటుంది. పుణె అనేసరికి ఇంట్లో అందరూ మౌనంగా ఉండిపోయారు. "అక్కడ మనవాళ్ళెవరున్నారే?" అని నాయనమ్మ ఒక్కటే ప్రశ్న వేసింది. దానికి మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

ముందుగా మా కళాశాల స్టాటిస్టిక్స్ సార్‌కు కృతజ్ఞతలు. ప్రవేశపరీక్ష సంగతి నాకు చెప్పిందే ఆయన. సార్ ఒడియావారు. నాకు ఒడియా బాగానే వచ్చినా, సంభావ్యతలో చిక్కుముడి పడినప్పుడు నేను తెలుగులో గొణుక్కుంటుంటే ఆయన నవ్వి, "తెలుగులోనే ఆలోచించు, జవాబు మాత్రం నాకు చెప్పు" అనేవారు. తరగతులు అయ్యాక ఖాళీ గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించారు. ఒక లెక్క తప్పితే జవాబు చెప్పేవారు కాదు, ఎక్కడ దారి తప్పానో నా చేతే వెతికించేవారు. ఇక్కడి తరగతిలో కూర్చున్నప్పుడు ఆ అలవాటే నన్ను నిలబెడుతోంది.

ఇక మాస్టారు. ఆయన గురించి కొంచెం ఎక్కువే రాయాలి.

సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు పేరు తంటా కొత్త కాదు. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒడిశా పద్ధతి ప్రకారం పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర ఉంది. ఆధార్‌లో మన అలవాటు ప్రకారం ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు చేరింది. నాన్న పేరు ఒకచోట రెండు ముక్కలు, మరోచోట ఒకటే ముక్క. ఊళ్ళో ఉన్నంతకాలం దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందరూ ఎరిగినవాళ్ళే కదా. అవే కాగితాలు మూడు సరిహద్దులు దాటి ఒక గుమాస్తా ముందు పెడితే అవి ఇద్దరు వేర్వేరు మనుషులవి అయిపోతాయి.

మాస్టారు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి రిటైరైనవారు. మా నాన్నకు చదువు చెప్పినవారు కూడా. నా కాగితాలన్నీ వాళ్ళ వరండాలో నవారు మంచం మీద వరసగా పరిపించారు. భూతద్దం తెచ్చుకుని ప్రతి కాగితంలోనూ నా పేరు అక్షరం అక్షరం చదివి, తేడా ఉన్నచోటల్లా ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నారు. ఇంగ్లీషులో నా పేరుకు ఒకచోట హెచ్ అక్షరం ఎక్కువ పడింది. ఇన్నేళ్ళుగా అది మా ఇంట్లో ఎవరి కంటా పడలేదు. "పదో తరగతి సర్టిఫికెట్టే అన్నిటికీ మూలం. మిగతావన్నీ దానికి సరిపోవాలి. దాన్ని మాత్రం కదిలించకు" అన్నారు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే ఉంటుందని, కాబట్టి తొందరపడకుండా ముందు కాగితం మీద రాసుకుని సరిచూసుకున్నాకే ఇవ్వాలని చెప్పారు. ఆధార్ మారాక బ్యాంకు ఖాతా, ఆ తర్వాతే దరఖాస్తు. ఈ వరస ఆయన పెట్టిందే. ఆధార్ కేంద్రానికి ఎండలో మాతో నడిచి వచ్చి, తెర మీద నా పేరు కనబడగానే వివరాలు ఎక్కిస్తున్న అమ్మాయిని ఆపించి మరోసారి చదివారు.

పాత పేరుతో ఉన్న కాగితాల కోసం ఒక అఫిడవిట్ కూడా కావాల్సి వచ్చింది. కోర్టు దగ్గర టైపు చేసే బాబాయి అది తయారుచేసి, నోటరీ సంతకం కూడా చేయించి ఇచ్చారు. స్టాంపు కాగితం ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు. పుణెలో ప్రవేశాల బల్ల దగ్గర అడిగిన మొదటి కాగితం అదే, బాబాయీ.

మా జిల్లాలో తెలివైన పిల్లలు ఎందరో డిగ్రీతో ఆగిపోవడం నేను చూశాను. ఏ కాగితం ముందు తెచ్చుకోవాలో, ఏది ఎక్కడ ఇస్తారో కూర్చోబెట్టి చెప్పే మనిషి ఇంటి దగ్గర లేకపోవడమే అందుకు పెద్ద కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది. టీసీ కళాశాల ఇస్తుంది, మైగ్రేషన్ సర్టిఫికెట్ విశ్వవిద్యాలయం ఇస్తుంది. రెండూ ఒకటేననుకుని ఒక్కదానితోనే బయల్దేరిన వాళ్ళున్నారని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని బరంపురం దగ్గర భంజవిహార్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చిన సీనియర్ అక్కకు ఆ రోజు సెలవు పెట్టినందుకు జీతం పోయింది. ఆ మాట అక్క చెప్పలేదు, తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

పాతపట్నం అన్నయ్య పుణెలో ఉద్యోగం చేస్తారు. నదికి అవతలి ఒడ్డువారే అయినా అప్పటిదాకా పరిచయం లేదు. మొదటిసారి ఫోను చేసినప్పుడే ఒక విషయం నిక్కచ్చిగా చెప్పారు. ఒడిశాలో ఇచ్చిన కుల ధ్రువపత్రంతో మహారాష్ట్ర రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రిజర్వేషన్ రాదు, బయటి రాష్ట్రాలవారు ఓపెన్ కోటాలోనే పోటీ పడాలి, ఆ లెక్కతోనే చదువు అన్నారు. వినడానికి కష్టంగానే ఉన్నా, ముందే తెలియడం వల్ల లేని ఆశ పెట్టుకోకుండా ఆ మేరకు సిద్ధమయ్యాను.

గది విషయంలో ఆయన చేసిన మేలు ఇంకా పెద్దది. ఒక బ్రోకరు ఫోటోలు పంపాడు. వెలుతురున్న గది, కొత్త మంచం, కిటికీలో తులసి మొక్క. రెండు నెలల అద్దె అదే రాత్రి పంపితే గది ఉంచుతానని, లేదంటే వేరేవాళ్ళకు వెళ్ళిపోతుందని తొందరపెట్టాడు. డబ్బు పంపేముందు అన్నయ్యను అడిగాను. "రేపు ఆదివారం, నేను చూసి వస్తాను, అప్పటిదాకా ఏమీ పంపకండి" అన్నారు. వానలో మోటారు సైకిల్ మీద ఆ చిరునామాకు వెళ్ళి, అక్కడి నుంచే వీడియో పంపారు. అక్కడ ఇల్లు లేదు, ఇనుప సామాన్ల గోదాం ఉంది. చూరు కింద నిలబడి, తడిసిన ఫోనును చొక్కాతో తుడుచుకుంటూ, "చూశారా, నాన్నగారికి కూడా చూపించండి" అని ఆయన అంటున్న ఆ వీడియో మా ఇంట్లో ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఆ అన్నయ్య ద్వారానే అత్తయ్య పరిచయమయ్యారు. ఆమెది షోలాపూర్ పద్మశాలి కుటుంబం. వాళ్ళ పెద్దలు ఏనాడో తెలంగాణ నుంచి మగ్గం పనికి షోలాపూర్ వచ్చి స్థిరపడ్డారు. అత్తయ్య పెళ్ళై పుణె వచ్చారు. నాకు గది చూడాల్సిన అవసరం ఆమెకు ఏమాత్రం లేదు. అయినా ఎక్కి దిగి, వాకబు చేసి, ప్రతి గదికీ ఫోనులో వర్ణన చెప్పేవారు. నీళ్ళు ఏ వేళకు వస్తాయి, చీకటి పడ్డాక సందులో దీపాలు వెలుగుతాయా, కింది అంతస్తులో ఎవరుంటారు, అన్నీ ఆ ఇళ్ళ ఆడవాళ్ళనే అడిగి తెలుసుకునేవారు. "బిడ్డా, బయట తాళం ఎవరైనా వేస్తారు. లోపలి గడియ గట్టిదా కాదా, అది చూడాలి" అన్నారు ఒకసారి. నేను ఉంటున్న గదికి పాత గడియ తీయించి కొత్తది వేయించాకే ఒప్పందం మాట తీశారు.

ఒప్పందం గురించి ఇక్కడ రాస్తే వచ్చే ఏడాది ఎవరికైనా పనికొస్తుంది. మహారాష్ట్రలో అద్దె గదులకు ఎక్కువగా 11 నెలల 'లీవ్ అండ్ లైసెన్స్' ఒప్పందం రాస్తారు. 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అది రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత ఇంటి యజమానిది. ఇంత చిన్న గదికి అదంతా ఎందుకని యజమాని కాస్త వెనకాడితే, అత్తయ్య మరాఠీలో మెత్తగానే మాట్లాడి, పని పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ రిజిస్టరైన ప్రతి పోలీసు పరిశీలనకూ, బ్యాంకులో చిరునామా మార్చుకోవడానికీ అక్కరకొచ్చింది.

అత్తయ్య చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకే ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఇదంతా నేనే చదివి వినిపిస్తాను. నాయనమ్మ ఆమెతో ఒకసారి ఫోనులో మాట్లాడింది. చాలాసేపే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత 'మనవాళ్ళెవరున్నారు' అన్న ప్రశ్న మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

డబ్బు విషయంలో బ్యాంకు మేడమ్‌కు రుణపడి ఉంటాను. విద్యారుణం కావాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలని నాన్నకు ఎవరో చెప్పారు. ఆ దిగులుతో నాన్న కొన్నాళ్ళు సరిగా భోజనం కూడా చేయలేదు. కౌంటరు మూసే వేళ అయినా మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. 4 లక్షల రూపాయల లోపు రుణానికి మన వంతు మార్జిన్ కట్టనక్కర్లేదు. రుణ హామీ పథకం కింద 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. చదువు ముగిశాక మరో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. ఫీజుతో పాటు హాస్టలు, పుస్తకాలు, కంప్యూటరు ఖర్చు కూడా అందులో చూపించవచ్చు. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి నాన్న చేతికి ఇచ్చారు. నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకుని, దారిలో టీ కొట్టు దగ్గర ఆగి మళ్ళీ తీసి చదువుకున్నారు.

ప్రయాణం ఏర్పాటు నౌపడా మావయ్యది. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజుల బదులు 60 రోజులైందని, ఉదయం ఎనిమిది గంటలకు కంప్యూటరు ముందు ఉండాలని చెప్పి, ఆ రోజు మాకంటే ముందే లేచి ఫోను చేశారు. పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా పుణెలో దిగవచ్చు. స్లీపరులో మనిషికి 40 కిలోల సామాను ఉచితమని, పుస్తకాలన్నీ ఒకే పెట్టెలో నింపితే ఎత్తలేమని రెండు సంచుల్లోకి సర్దించారు. ఆ రైలు పుణె చేరేసరికి బాగా పొద్దుపోతుంది. ఆ వేళప్పుడు పాతపట్నం అన్నయ్య, వదినతో సహా స్టేషనుకు వచ్చి నిలబడ్డారు. వదిన ఇంటి నుంచి పప్పన్నం డబ్బాలో పెట్టి తెచ్చారు. నాన్న, నేను ఆ రాత్రి వాళ్ళింట్లోనే తిని పడుకున్నాం.

నాన్నకు, అమ్మకు కృతజ్ఞతలు చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు, అయినా రాస్తాను. నాన్న దర్జీ. ఇక్కడి వానల గురించి అన్నయ్య చెప్పగానే మందపాటి కాన్వాసుతో సర్టిఫికెట్లకు సరిపడా సంచి కుట్టారు. లోపల రబ్బరు గుడ్డ అస్తరు వేసి, మూతకు రెండు వరసల కుట్టు వేసి, పట్టీ నా భుజానికి కొలిచి పెట్టారు. బకెట్టు నీళ్ళు గుమ్మరించి చూసి, లోపల తడి లేదని తేలాకే నా చేతికిచ్చారు. నన్ను దూరం పంపడం అమ్మకు ఇష్టం లేదని నాకు తెలుసు. అయినా చుట్టాలు వచ్చి ఆడపిల్లను అంత దూరం ఎందుకని అడిగినప్పుడల్లా నా తరఫున మాట్లాడింది అమ్మే.

మరొకరికి నా మాట చేరవేయాలి. రైల్లో మా ఎదురు బెర్తులో విశాఖపట్నంలో ఎక్కిన ఒక పెద్దావిడ ఉన్నారు. షోలాపూర్‌లో నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గరికి వెళ్తున్నానన్నారు. రాత్రి నాన్నకు ఒంట్లో నలతగా ఉంటే తన కింది బెర్తు ఇచ్చి, తాను మధ్య బెర్తుకు ఎక్కారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి. షోలాపూర్‌లో దిగే హడావుడిలో ఊరూ పేరూ అడగలేకపోయాం. ముదురు ఆకుపచ్చ చీర, చేతిలో జీడిమామిడి బుట్ట, మాటిమాటికీ "మా చిన్నది" అని కూతురి గురించి చెప్పేవారు. ఆమె మీ ఎరుకలో ఎవరైనా అయితే, నాన్న ఆరోగ్యం బాగుందని, పర్లాకిమిడి అమ్మాయి నమస్కారం చెప్పిందని దయచేసి చెప్పండి.