ఆ చీటీ చదివేది ఇంకో డాక్టరు

సంపాదకులకు,

అయ్యా,

డాక్టర్ల రాత గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ అక్షరాల దగ్గరే ఆగిపోతోంది. 2024 జనవరిలో ఒడిశా హైకోర్టు మందుల చీటీలు, పోస్టుమార్టం రిపోర్టులు చదవగలిగేలా రాయాలని ఆదేశించింది. కొడుకు పాముకాటుతో పోతే తండ్రి వేసుకున్న పరిహారం కేసు అది. మంచి ఆదేశమే. కానీ రాయగడ జిల్లాలో నర్సుగా చేసి రిటైరైన నేను, ముత్యాల్లాంటి అక్షరాలతో వచ్చిన పనికిరాని చీటీలు కూడా చాలా చూశాను.

పాముకాటునే తీసుకోండి. 'ఏఎస్‌వీ ఇచ్చాం, పెద్దాసుపత్రికి పంపుతున్నాం' అని చిన్నాసుపత్రి నుంచి చీటీ వస్తుంది. ఏఎస్‌వీ అంటే పాము విషానికి విరుగుడు మందు. ఎన్ని వయల్స్, అంటే మందు సీసాలు, ఎక్కించారు? ఎన్ని గంటలకు? గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచిన రక్తం గడ్డకట్టిందా? ఏమీ ఉండదు. తోడొచ్చిన ముసలాయన్ని అడిగితే "ఏదో సెలైన్ పెట్టారమ్మా" అంటాడు. గర్భిణికి ఫిట్స్ వచ్చిందనుకోండి, ఫిట్స్‌ను ఆపే మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇంజెక్షన్ మొదట 14 గ్రాములు ఇచ్చి, తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు ఇవ్వడం మాకు అలవాటు. మొదటి డోసు టైము రాయకుండా పంపితే ఇక్కడి డాక్టరు ఏం చేయాలి? మందు ఎక్కువైతే ఊపిరి ఆగే ప్రమాదం, తక్కువైతే మళ్లీ ఫిట్స్.

గుణుపురం వైపు ఇంకో చిక్కుంది. తల్లి సవర భాషలో చెబుతుంది, పక్క మంచం ఆమె దాన్ని ఒడియాలో చెబుతుంది, హౌస్ సర్జన్, అంటే ఎంబీబీఎస్ చివర్లో ఆసుపత్రిలో పని నేర్చుకునే కుర్ర డాక్టరు, ఇంగ్లీషులో రాసుకుంటాడు. వివరాలు ఎవరు చెప్పారో, ఎంతవరకు నమ్మొచ్చో కేస్ షీటులో రాయాలని కాలేజీలో నేర్పుతారు. పరీక్ష గట్టెక్కాక ఆ గడి ఖాళీయే.

వార్డులో రోజూ 'సీఎస్‌టీ' అని రాస్తారు, అంటే పాత మందులే కొనసాగించమని. ఏ మందులు? పేజీలు వెనక్కి తిప్పుకోవాలి. ఇన్సులిన్ 4 పక్కన యూనిట్లని పూర్తిగా రాయకుండా ఇంగ్లీషు 'యూ' (U) అక్షరం గీస్తే, అది సున్నాలా కనబడి 40 అవుతుంది. నైట్ డ్యూటీలో ఆ డాక్టర్లను లేపి అడిగితే విసుక్కునేవారు. విసుక్కోనీ అనుకునేదాన్ని.

ఆ కుర్ర డాక్టర్లను తప్పుపట్టడం లేదు. వాళ్లు రాసింది చదివి దిద్దేవాళ్లే లేరు. రౌండ్స్‌లో పెద్ద డాక్టర్లు రోగిని చూస్తారు, షీటు మీద సంతకం పెట్టి ముందుకెళ్తారు. ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నిబంధనల్లోనే ఉంది. అందులో ఏం రాశారో చూడమని మాత్రం ఎవరికి చెప్పారు?

నాకు తోచింది ఇది. పీజీ డాక్టర్లు 3 నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం ఎలాగూ ఉంది. వాళ్లనీ, హౌస్ సర్జన్లనీ కూర్చోబెట్టి, పేర్లు కొట్టేసిన పాత రిఫరల్ చీటీలు చేతికిచ్చి, "రోగి నీ ముందున్నాడు, ఇప్పుడేం ఇస్తావు?" అని అడగండి. నర్సులనూ ఆ గదిలో ఉండనివ్వండి, చెప్పడానికి మా దగ్గర చాలా ఉన్నాయి. హౌస్ సర్జన్ లాగ్‌బుక్ మీద సంతకం పెట్టే ముందు, అతను రాసిన డిశ్చార్జ్ కాగితం ఒకటైనా సీనియర్లు పూర్తిగా చదవాలి.

ఆ కాగితం అడుగున రాసినవారి పేరు, వార్డు ఫోన్ నంబరు తప్పకుండా ఉండాలి. మా వాళ్లు వైద్యానికి బరంపురం వెళ్తారు, శ్రీకాకుళం, విశాఖ కూడా వెళ్తారు. తిరిగొచ్చాక ఏ మందు ఎప్పుడు ఆపాలని మమ్మల్నే అడుగుతారు. సంతకం గీత తప్ప ఏమీ లేని కాగితం పట్టుకుని మేం ఎవరికి ఫోన్ చేయాలి?

ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా