మా రోగిని మానసిక వైద్యులు ఎప్పుడు చూస్తారు?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పుత్తూరులో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న జనరల్ డాక్టర్ని. ఎముక విరిగితే ఎక్కడెక్కడి నుంచో జనం మా ఊరు వెతుక్కుంటూ వస్తారు. పుత్తూరు కట్టుకు అంత పేరు. అదే మా ఊరి మనిషికి మనసు బాగోలేకపోతే తిరుపతికి చీటీ రాసి పంపుతాను. అక్కడ ఎప్పుడు చూస్తారో మాత్రం చెప్పలేను.

మానసిక సమస్య ఉన్నవాళ్లు ఆ మాట చెప్పుకుని రారు. తల దిమ్ముగా ఉందనీ, కడుపులో మంటనీ, గుండె దడనీ వస్తారు. ఈసీజీ మామూలుగానే ఉంటుంది. బీపీ సరిగ్గానే ఉంటుంది. "నిద్ర ఎట్లా పడతా ఉంది?" అని అడిగాక అసలు సంగతి బయటికొస్తుంది.

పోయినేడాది ఒక బాలింతను వాళ్ల అత్త తీసుకొచ్చింది. కాన్పయి మూడు నెలలు. "బిడ్డ ఏడస్తా ఉన్నా ఎత్తుకోదు సార్, గోడ పక్క చూస్తా కూర్చోనుంటాది" అని అత్త చెబుతుంటే ఆ అమ్మాయి తల ఎత్తలేదు. పసుపుతాడు కొసను వేలికి చుట్టుకోవడం, విప్పడం, మళ్లీ చుట్టుకోవడం. అత్తను బయట కూర్చోమన్నాను. చాలాసేపటికి, "నేనుండి ఏం లాభం సార్" అంది.

రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించాను. తేడా ఏమీ లేదు. వివరంగా లెటర్ రాసి తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి పంపాను. మొదటిసారి వెళ్లేసరికి ఓపీ చీట్లు అయిపోయాయి. రెండోసారి వెళ్తే ఐదు వారాల తర్వాత రమ్మన్నారు. నా లెటర్ అతికించిన కవరు అతికించినట్టే నా దగ్గరికి తిరిగొచ్చింది. ఈలోగా ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నేను వాళ్లను తప్పుపట్టలేను. చేతికి అందిందే కదా ఎవరైనా పట్టుకుంటారు.

ఆ రాత్రి బెంగళూరులో సైకియాట్రిస్టుగా ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. పాలిచ్చే తల్లికి ఏ మందు సురక్షితం, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా పంపేయాలి, అన్నీ నాలుగు నిమిషాల్లో చెప్పాడు. ఇంట్లో ఆమెను ఒంటరిగా వదలొద్దని అత్తకు గట్టిగా చెప్పాను. మందు పని చేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు బిడ్డకు టీకాలు వేయించడానికి తనే ఎత్తుకొస్తోంది.

మంత్రి గారూ, ఆ నాలుగు నిమిషాలే నేను అడుగుతున్నది. నాకు క్లాస్‌మేట్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. పక్క మండలంలో పీహెచ్‌సీలో ఉన్న కుర్ర డాక్టరుకు ఎవరున్నారు? డిప్రెషన్ మందులు మేమూ రాయగలం. కానీ ఎదురుగా ఉన్నది మామూలు డిప్రెషనో, కుంగుబాటూ ఉన్మాదమూ మారి మారి వచ్చే బైపోలార్‌లో ఒక దశో తేల్చుకోలేకపోతే భయం వేస్తుంది. బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు. ఆ భయంతోనే చాలామందిమి నిద్రమాత్ర రాసి పంపేస్తాం. ఇది చెప్పుకోవడానికి బాధగానే ఉంది.

మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ ఉచిత లైను టెలీమానస్ 14416 వచ్చాక జనానికి ఒక దారి దొరికింది. ఆ నంబరు నా క్లినిక్ గోడ మీద అతికించాను. అలాగే డాక్టరు నేరుగా సైకియాట్రిస్టుతో మాట్లాడే లైను ఒకటి కావాలి, పగటిపూట ఓపీ నడిచే వేళల్లో ఉన్నా చాలు. మేం పంపిన రోగికి రెండు వారాల్లోపు తేదీ ఇవ్వాలి. ప్రాణాపాయం అని రాస్తే అదే రోజు చూడాలి. చూశాక ఏం తేలిందో నాలుగు లైన్లు రాసి తిరిగి మాకు పంపాలి. ఆ కాగితం ఉంటే తర్వాతి ఆర్నెల్లు మందులు మేమే చూసుకుంటాం, వాళ్ల ఓపీ బరువూ తగ్గుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇదే చెబుతోంది. రోగి దూరాభారం పడకుండా దగ్గర్లోనే వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. సరిహద్దు దాటితే కర్ణాటకలో మనోచైతన్య కార్యక్రమం కింద మంగళవారాల్లో సైకియాట్రిస్టులు తాలూకా ఆసుపత్రులకు వచ్చి చూసే పద్ధతి 2014లోనే మొదలైంది. సైకియాట్రిస్టులు తక్కువన్నది నాకు తెలుసు. తక్కువ కాబట్టే ఉన్నవాళ్ల సమయం మాలాంటివాళ్ల ద్వారా ఎక్కువమందికి చేరాలి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆరు నెలలు ఇది నడిపి చూడండి. పుత్తూరులో వారానికొక రోజు సైకియాట్రిస్టు కూర్చోవడానికి చోటు లేదంటే, నా క్లినిక్ వెనక గది ఉంది. ఫ్యాను, మంచం, తలుపుకు గడియ ఉన్నాయి. అద్దె అక్కర్లేదు.

ఇట్లు,
పుత్తూరు నుంచి ఒక ఫ్యామిలీ డాక్టరు