ఆ పట్టికలో మా అమ్మాయి ఎక్కడ?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీరు వేసిన దేశాలవారీ నిరుద్యోగ పట్టిక చూశాను. ఆ రోజే రాయాల్సింది, మనవరాలికి జ్వరం రావడంతో ఇవాళ్టికి కుదిరింది. మన దేశంలో 2023-24లో మగవాళ్ల నిరుద్యోగం 3.2 శాతం, ఆడవాళ్లదీ 3.2 శాతమే, స్పెయిన్‌లో 11 శాతం దాటింది కాబట్టి మనమే మెరుగు అని కింద రాశారు. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పినదాన్ని, ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను.

పని లేని ప్రతి మనిషినీ నిరుద్యోగిగా లెక్కవేయరు. పని వెతుకుతున్నవాళ్లు, దొరికితే వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు మాత్రమే ఆ లెక్కలోకి వస్తారు. మా అమ్మాయి ఎమ్మెస్సీ. తిరుపతి దగ్గర ఒక కంపెనీలో నాలుగేళ్లు చేసి, కాన్పు తర్వాత మానేసింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. అక్కడ గదికి బోర్డు ఉంది, తాళం కూడా ఉంది. మూడుసార్లు అడిగితే "ఇంట్లో మీ అమ్మ లేదా?" అన్నారట. రేపు సర్వేవాళ్లు వచ్చి పనికి సిద్ధమేనా అంటే, పాపను వదిలి ఎలా రానని అంటుంది. ఇంటిపని చేసుకునే మనిషి అని రాసుకుని వెళ్లిపోతారు. మీ 3.2 శాతంలో ఆమె లేదు.

అలాంటివాళ్లు ఎందరో తెలియాలంటే శ్రామికశక్తిలో భాగస్వామ్యం, అంటే పనిలో ఉన్నవాళ్లూ, పని వెతుకుతున్నవాళ్లూ కలిపి నూటికి ఎందరో చూడాలి. 2023-24 కేంద్ర సర్వేలో 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో 78.8 శాతం, ఆడవాళ్లలో 41.7 శాతం. అంటే నూటికి 58 మంది ఆడవాళ్లు అసలు లెక్కలోనే లేరు. స్పెయిన్‌లో సగానికి పైగా ఆడవాళ్లు పనిలోనో, పని వెతుకులాటలోనో ఉన్నారు. అక్కడ నిరుద్యోగం ఎక్కువే, మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. కానీ ఉద్యోగం కావాలని బయటికొచ్చిన వాళ్ల లెక్క అది. దాన్ని పట్టుకుని మనం మెరుగని ఎలా అంటాం?

2017-18లో మన ఆడవాళ్ల భాగస్వామ్యం 23.3 శాతమే కదా, పెరిగింది కదా అంటారు. పెరిగింది, కాదనను. పనిలో ఉన్న ఆడవాళ్లలో 36.7 శాతం ఇంటి వ్యాపారంలోనో, సొంత పొలంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లని అదే సర్వే చెప్పింది. ఏడాదిలో 30 రోజులు పని చేసినా పనిలో ఉన్నట్టే రాస్తారు. మన చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు జూన్, జులైలో తోతాపురి కాయలు కోయడానికి ఊళ్ల నుంచి ఆటోల్లో కిక్కిరిసి వచ్చే ఆడవాళ్లను చూడండి. కాయ అయిపోతే వాళ్ల పనీ అయిపోతుంది. మిగతా పది నెలలు వాళ్లు ఏ పనికి పోతున్నారో అడిగేదెవరు?

జపాన్‌లోనూ కాన్పుతో ఉద్యోగాలు మానేసేవాళ్లు. 2013 నుంచి క్రెష్‌లలో సీట్లు బాగా పెంచారు. అదొక్కటే కారణం కాకపోయినా, 49 శాతం దగ్గర ఉన్న ఆడవాళ్ల భాగస్వామ్యం పదేళ్లలో 55 శాతం దాకా వచ్చింది. మన దగ్గర 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతుంటే, ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు.

ఇక జాబ్ మేళాలు. సాయంత్రానికల్లా ఇంతమంది ఎంపికయ్యారని అధికారులు ప్రకటిస్తారు, మర్నాడు మీరూ ఫొటోతో వేస్తారు. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫోన్లు తయారుచేసే లైన్ల మీద ఎక్కువగా అమ్మాయిలే ఉంటారు, సంతోషం. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఎందరు మిగులుతున్నారో ఏ అధికారైనా చెప్పారా? రాత్రి షిఫ్టు దిగి వచ్చే పిల్లకు బస్టాపులో లైటు వెలుగుతుందో లేదో చూశారా?

వచ్చే ఆదివారం ఆ పట్టికను మళ్లీ వేయండి, భాగస్వామ్యం వరుస కూడా చేర్చండి. ఈసారి మేళా వార్త రాసేటప్పుడు, పోయినసారి ఎంపికైన వాళ్లలో ఎందరు ఇంకా పనిలో ఉన్నారో మీ విలేకరి చేత అడిగించండి.

– విశ్రాంత అధ్యాపకురాలు, చిత్తూరు