పఫిన్ల బొరియలపై అడుగు పడకూడదు

సంపాదకులు గారికి,

పఫిన్ అనగానే రంగురంగుల ముక్కున్న బొమ్మలాంటి పక్షే చాలామందికి గుర్తుకు వస్తుంది గాని, ఆ రంగు ఏడాది పొడవునా ఉండదు. సంతానోత్పత్తి కాలం ముగిశాక ముక్కుపైని రంగు పొరలు రాలిపోతాయి, చలికాలమంతా ఆ పక్షి వెలిసిన ముక్కుతోనే సముద్రం మీద గడుపుతుంది. నీటిలో రెక్కలతో ఈదుతూ సుమారు 60 మీటర్ల లోతు వరకు మునగగల అట్లాంటిక్ పఫిన్, అంగిట్లో వెనక్కి వంగి ఉన్న ముళ్లకు చేపలను నాలుకతో అదిమిపట్టి, ఉన్నవి జారిపోకుండానే కొత్తవాటిని పట్టుకుంటుంది. పదేసి చేపలను ముక్కున వేలాడదీసుకొని పిల్ల కోసం తిరిగి రావడం దానికి మామూలే.

ఐస్‌లాండ్‌లోని హేమే, వేల్స్‌లోని స్కోమర్, స్కాట్లాండ్‌లోని ఐల్ ఆఫ్ మే దీవుల్లో మే నుంచి జులై మధ్య వరకు వీటిని దగ్గరగా చూడవచ్చు. స్కోమర్‌కు ఆగస్టులో వెళ్లినవారికి దాదాపు ఖాళీ కొండలే మిగులుతాయి. అయితే ఫొటో మోజులో కాలిబాట దాటడం (చాలామంది చేసే పనే ఇది) నిజంగా ప్రమాదకరం. జంట ఏడాదికి పెట్టే ఒకే ఒక్క గుడ్డు గడ్డి కింది బొరియలోనే ఉంటుంది, మన బరువుకు ఆ పలుచని నేల కూలిపోతుంది. పర్యాటక వ్యాసాలు దృశ్య సౌందర్యంతో పాటు ఈ జాగ్రత్తను కూడా తప్పక ప్రస్తావించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు