రొట్టె పెనంలోనూ ఫొటో ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఫొటో తీయాలంటే మా నల్లగొండ వాళ్లం సాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారా అని చూస్తాం, లేదంటే దేవరకొండ ఖిల్లాకు బండి తీస్తాం, నేనూ మూడేళ్లు అదే చేశాను. మొన్న పొద్దున వంటింటి కిటికీలోంచి ఏటవాలుగా పడ్డ ఎండలో అమ్మ గోడకు ఆనించిన జొన్నరొట్టె పెనం కనిపించింది. మసి మీద గీతలు, అంచుకు అంటిన పిండి, జారబోతున్న ఒక నీటి చుక్క. ఫ్లాష్ వేయకుండా ఫోన్‌తోనే తీశాను. ఇప్పటిదాకా నేను తీసినవాటిలో అదే మంచిది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో క్యాప్సికమ్‌ను రేకు గరాటులో పెట్టి తీసిన ఫొటోను జనం ఇప్పటికీ చూస్తున్నారు, ఆ వంపుల మీది వెలుతురు అలాంటిది. మీ ఆదివారం పేజీలో ఇంటి వస్తువుల ఫొటోలకూ కాస్త చోటివ్వండి. పెద్ద కెమెరా కొనలేని పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు.

ఒక పాఠకుడు, మిర్యాలగూడ